టైరు లోపలి అంచు

నాలుగు నెలలు తొడిగిన చెప్పును ఒకసారి తిరగేసి చూడండి. కొందరికి మడమ బయటివైపు అరిగి వుంటుంది, కొందరికి లోపలివైపు. ఆ మనిషి నడవగా మనం చూడనక్కరలేదు. ఎలా నడుస్తాడో చెప్పే చెబుతుంది. కారు నడకను చెప్పేది టైరు. కాని చెప్పును తిరగేసినట్టు టైరును తిరగేసి చూసేవాళ్ళు తక్కువ. అందులోనూ కారు పొట్టవైపున్న లోపలి అంచు ఎవరి కంటా పడదు. ఈ వారం నేను మనవి చెయ్యదలచింది ఆ అంచు సంగతి.

మా మేనల్లుడికి కార్లంటే ప్రాణం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగితే పనులన్నీ మానుకుని చీమకుర్తి నుంచి వెళ్ళి చూసి వచ్చాడు. ఆ కార్లు నేలను కరచుకుని పాకుతున్నట్టు వుంటాయి గదా! అప్పటినుంచీ వాడి కంటికి ఎత్తుగా వున్న కారల్లా ఎడ్లబండిలాగా కనిపించసాగింది. కొంతకాలానికి రెండు తలుపుల స్పోర్ట్సు కారొకటి పాతది కొన్నాడు. కొన్న నెలకే స్ప్రింగులు తీయించి, పొట్టి స్ప్రింగులు వేయించి, కారును 4 సెంటీమీటర్లు కిందికి దించాడు.

మా అక్కయ్య అందులో ఎక్కి కూర్చుని, “ఇది కారట్రా? పీట వేసి కూర్చోబెట్టినట్టున్నది” అన్నది. దిగేటప్పుడు ఇద్దరు చెయ్యిస్తేగాని లేవలేకపోయింది.

ఇంతవరకూ నవ్వులాటే. వానాకాలంలో ఒక సాయంత్రం తల్లీకొడుకులు ఒంగోలు నుంచి వస్తున్నారు. చినుకు పడి రోడ్డు తడిసింది. మలుపు దగ్గర వాడు స్టీరింగు తిప్పాడు. కారు తిరగలేదు. తిప్పిన చక్రాలు తిప్పినట్టే వుండగా తిన్నగా జారిపోయి, రాతిదిమ్మెలతో ఆగివున్న లారీకి బారెడు దూరంలో నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు జాకీ వేసి ముందు చక్రాలు విప్పాం. బయటి అంచున కొత్త టైరుకు వుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడా వున్నాయి. లోపలి అంచున మాత్రం రబ్బరు పోయి తీగ బయటపడింది. 6,000 కిలోమీటర్లు కూడా తిరగని టైర్లవి! వాడు జేబులోంచి ఒక కాగితం తీసి, “అంకెలన్నీ పచ్చగానే వున్నాయి గదా మామయ్యా!” అన్నాడు. ఎలైన్‌మెంటు చేసిన చోట యంత్రం అచ్చువేసి ఇచ్చిన కాగితం అది. నిజమే, అన్నీ పచ్చగానే వున్నాయి.

తప్పు ఎక్కడున్నదో తరువాత తెలిసింది. పందెపు కార్లకు పెట్టే కోణాలే తనకూ పెట్టమని వాడే అడిగాడు. ఆ అంకెలనే యంత్రానికి లక్ష్యంగా ఇచ్చారు. లక్ష్యానికీ కొలతకూ సరిపోతే యంత్రం పచ్చరంగు చూపుతుంది. లక్ష్యమే తప్పయితే ఆ సంగతి దానికి తెలియదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కారు చక్రాల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. అక్కయ్య కూర్చున్న కారు గనుక పట్టించుకోక తప్పింది కాదు. తెలిసిన మెకానిక్కులను అడిగాను, కొంత చదివాను. చదివితే, ఇది ఛందస్సుకన్న కష్టమేమీ కాదనిపించింది. పద్యంలో గణం తప్పితే చెవికి తెలుస్తుంది. చక్రంలో కోణం తప్పితే టైరుకు తెలుస్తుంది.

మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఒకటే ఇరుసు, రెండే చక్రాలు, తిరగవలసినవి ఎడ్లు. నాలుగు చక్రాల బండికే చిక్కంతా. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో తిరగాలి. అందుకు రెంటికీ వేరువేరు కోణాలు వచ్చే ఏర్పాటును 1817లో మ్యూనిచ్ నగరపు బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. మరుసటి సంవత్సరం లండనులో దానికి పేటెంటు తీసుకున్నవాడు ఆకర్‌మన్. ఆ ఏర్పాటుకు నేటికీ ఆకర్‌మన్ పేరే నిలిచింది. మోటారుకారు పుట్టకముందే చక్రాల కోణాలు మనుషులకు తలనొప్పి తెచ్చాయన్నమాట.

ఇప్పటి కారులో చూసుకోవలసిన కోణాలు మూడు.

మొదటిది కాంబర్. ముందునుంచి చూస్తే చక్రం నిటారుగా వున్నదా, వాలి వున్నదా అన్నది. చక్రాల పైభాగాలు లోపలికి వాలితే నెగెటివ్ కాంబర్ అంటారు. కాళ్ళు ఎడంగా వేసి నిలబడ్డ వస్తాదును తలచుకోండి. మలుపులో కారు బయటివైపుకు ఒరుగుతుంది. దానితోపాటు బయటి చక్రం కూడా ఒరిగి, బయటి అంచు మీద నడవబోతుంది. ముందుగానే కొంచెం లోపలికి వాల్చివుంచితే ఆ సమయానికి టైరు చదునుగా నేలమీద ఆనుతుంది. పందెపు కార్లకు ఈ వాలు ఎక్కువగా పెట్టటానికి కారణం ఇదే. కాని తిన్నని రోడ్డు మీద ఆ వాలు లోపలి అంచుకే బరువు. 20 సెంటీమీటర్ల వెడల్పు టైరును 3 డిగ్రీలు వాల్చితే, బరువు పడకముందు బయటి అంచు లోపలి అంచుకన్న సెంటీమీటరు ఎత్తున వుంటుంది.

రెండవది టో. టో అంటే కాలివేలు. పైనుంచి చూస్తే చక్రాల ముందుకొసలు ఒకదానివైపు ఒకటి తిరిగివుంటే టో-ఇన్, ఎడంగా తిరిగివుంటే టో-ఔట్. కారు మలుపులోకి చురుగ్గా దూకాలని పందేలలో ముందు చక్రాలకు కొంచెం టో-ఔట్ పెడతారు. మన రోడ్డు మీద టైర్లను తినేది ముఖ్యంగా ఇదే. చక్రం ఒక దిక్కు చూస్తూ, కారు మరో దిక్కు పోతూ వుంటే ఆ తేడా అంతా రబ్బరు భరించాలి. పావు డిగ్రీ ఏపాటిదని అనుకోవచ్చు. లెక్క వేస్తే కిలోమీటరుకు 4 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్టు. చీమకుర్తి నుంచి ఒంగోలుకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. అంటే వెళ్ళిన ప్రతిసారీ టైరును 87 మీటర్లు అడ్డంగా గరుకు రోడ్డు మీద గీకినట్టే! దానికి 3 డిగ్రీల వాలు తోడయితే ఆ గీకుడంతా లోపలి అంచు మీదనే పడుతుంది.

మూడవది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వెనక్కు వాలివుంటుంది చూశారా, అటువంటిది. తిప్పిన స్టీరింగు తనంతట తాను తిన్నబడటానికి ఇది కారణం. దీనివల్ల టైరు అంతగా అరగదు. కాని ఎడమకూ కుడికీ తేడా వుంటే, తక్కువ వున్న పక్కకు కారు లాగుతుంది.

ఇక కారును కిందికి దించితే ఈ కోణాలు ఎందుకు మారతాయి? చక్రాన్ని పట్టుకున్న కడ్డీలు తలుపు బందుల మీద తిరిగినట్టు తిరుగుతాయి. కారు పొట్ట కిందికి దిగితే ఆ కడ్డీల వాలు మారి, చక్రం తల లోపలికి వాలుతుంది. స్టీరింగు కడ్డీ తిరిగే వలయం వేరు గనుక అది చక్రాన్ని తోయటమో లాగటమో చేస్తుంది. టో కూడా చెడుతుంది. అందువల్ల స్ప్రింగులు మార్చి ఎలైన్‌మెంటు చూడకపోవటం ఒక తప్పు. ఎవరి రోడ్డుకో తగిన అంకెలు తెచ్చి పెట్టించుకోవటం రెండవ తప్పు. మావాడు చేసింది రెండవది.

ఈసారి యంత్రం దగ్గరకు పోయేముందు మేమే కొలిచి చూద్దామన్నాను. మా బావగారికి రాతిపలకలకు మెరుగుపెట్టే ఫ్యాక్టరీ వున్నది. గెలాక్సీ అన్న పేరుతో దేశాలు తిరిగే మా నల్లరాయి అక్కడ అద్దంలా తయారవుతుంది. లోకంలోని కొలతల గదుల్లో నల్లరాతి పలకలనే సమతలానికి ప్రమాణంగా వాడతారు. రాయి తుప్పుపట్టదు, దెబ్బ తగిలితే అంచు లేవదు. మట్టం అంటే ఏమిటో చీమకుర్తి వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

అక్కడి మేస్త్రీ నీటిగొట్టం పట్టి నాలుగు చక్రాలూ నిలిచే చోట్లను చూశాడు. ఒక చోట తగ్గు వుంటే పలచని రాతిముక్క వేశాడు. టైర్లలో గాలి సరిచేశాం. డ్రైవరు సీటులో వాడి బరువుకు సరిపడా బియ్యం బస్తాలు పెట్టాం. స్టీరింగు తిన్నగా బిగించి, కారుకు రెండు పక్కలా చక్రాల నడిమి ఎత్తున నూలుతాళ్ళు లాగి కట్టాం. ముందు చక్రాల నడుములనుంచి రెండు తాళ్ళూ సమదూరంలో వుండాలి. వెనక చక్రాలకూ అంతే. ముందు దూరమూ వెనక దూరమూ ఒకటి కానక్కరలేదు. ఎడమా కుడీ ఒకటయితే చాలు.

చక్రపు రిమ్ము ముందంచు నుంచి తాడుకు, వెనకంచు నుంచి తాడుకు స్కేలుతో కొలిస్తే టో తెలిసిపోతుంది. 45 సెంటీమీటర్ల రిమ్ముకు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే పావు డిగ్రీ, బయటివైపుకు. తరువాత మేస్త్రీ తూకపు గుండు వేలాడదీశాడు. దారానికి రిమ్ము పైఅంచు కింది అంచుకన్న 24 మిల్లీమీటర్లు లోపలికి వున్నది. అంటే 3 డిగ్రీలు. కాగితం మీద యంత్రం అచ్చువేసిన అంకెలే ఇక్కడా వచ్చాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు.

మేస్త్రీ గుండు చుట్టి జేబులో వేసుకుంటూ, “గోడ ఇంత వాలితే మేము పడగొట్టి మళ్ళీ కడతామండీ” అన్నాడు. మావాడు తల వంచుకున్నాడు.

అప్పుడు కూర్చుని లెక్క చూసుకున్నాం. ఈ కారు ఎక్కడ తిరుగుతుంది? వారానికి ఆరురోజులు ఒంగోలు రోడ్డు మీద. మలుపులు తక్కువ, లారీలు ఎక్కువ. పందెపు బాట మీదికి సంవత్సరానికి ఒకసారి పోతే గొప్ప. అటువంటి కారుకు ముందు వెనకల నెగెటివ్ కాంబర్ ఒక డిగ్రీనుంచి డిగ్రీన్నర దాకా చాలు. ముందు చక్రాలకు టో సున్నా, లేదా తయారీదారు చెప్పిన కొద్దిపాటి టో-ఇన్. వెనక చక్రాలకు కొంచెం టో-ఇన్ వుంటే కారు స్థిమితంగా నడుస్తుంది. అక్కడ టో-ఔట్ మాత్రం రానివ్వరాదు. కాస్టర్ తయారీదారు చెప్పినంత, రెండు పక్కలా సమానంగా. నిజంగా పందెపు బాటకు పోయేరోజున కాంబర్ పెంచుకోవచ్చు. తిరిగి వచ్చాక తగ్గించుకోవాలి.

చేసే వరుస కూడా ముఖ్యమే. ముందు కారు ఎత్తు నిర్ణయించాలి. అరిగిన బుష్షులూ బాల్ జాయింట్లూ మార్చాలి. వదులు కీళ్ళ మీద పెట్టిన కోణం ఊరు దాటదు. తరువాత వెనక చక్రాలు, ఆపైన ముందు కాస్టర్, కాంబర్. అన్నిటికన్న చివర ముందు టో. కాంబర్ కదిపితే టో కదులుతుంది గనుక టో ముందు సరిచేస్తే ఆ పని వృథా. చాలా కార్లలో కాంబర్ మార్చే వీలు తయారీలోనే వుండదు. అందుకు వేరే బోల్టులు వేయించాలి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి సర్దుకున్నాక మళ్ళీ ఒకసారి చూపించాలి.

ఎత్తు మాట వచ్చింది గనుక మరొకటి. స్పీడుబ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో కొలత చెప్పింది. మన ఊళ్ళలో ఇంటిముందు ఎవరికివారు పోసుకున్నవి ఆ కొలతకు ఎంత దూరమో మీకు తెలుసు. మావాడి కారు పొట్టకు నేలకు మధ్య మిగిలింది సరిగ్గా 10 సెంటీమీటర్లు! చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఏ మార్పు చేయించినా ముందు రవాణాశాఖ వారినీ ఇన్సూరెన్సు వారినీ అడగటం మేలు. ప్రమాదం జరిగాక అడిగితే వచ్చే జవాబు వేరుగా వుంటుంది.

మావాడు రెండురోజులు ముభావంగా తిరిగి, మూడోనాడు కంపెనీవారి పాత స్ప్రింగులే మళ్ళీ వేయించాడు. ముందు చక్రాలకు డిగ్రీంబావు కాంబర్, టో సున్నా పెట్టించి కొత్త టైర్లు వేశాడు. “మలుపులో మునుపటి పదును లేదు మామయ్యా” అన్నాడు. “మునుపు పదునున్నది టైరుకు గాదురా, నీ మనసుకు. తడిరోడ్డు మీద ఆ టైరు ఏంచేసిందో చూశావుగా” అన్నాను. ఇప్పుడు నెలకొకసారి స్టీరింగు ఒక పక్కకు తిప్పి, వంగి, టైరు లోపలి అంచు మీద వేలు రాసి చూస్తున్నాడు. ఆ అలవాటు ఒక్కటి వస్తే చాలు; మిగతా శాస్త్రమంతా మెకానిక్కుకు వదిలిపెట్టవచ్చు.

మొన్న అక్కయ్య ఆ కారులోనే మా ఇంటికి వచ్చింది. ఎవరూ చెయ్యివ్వకుండానే దిగి, కారు పైకప్పు మీద ఒక్కటి చరిచి, “ఇప్పుడు కారులా వున్నది” అన్నది.