8.8.8.8 తాయెత్తు కాదండీ

మా సికింద్రాబాదులో కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చే కుర్రాళ్ళకి ఒక అలవాటుంది. వైరు బిగించాక "సార్, గూగుల్ డీఎన్ఎస్ పెట్టిన, ఇగ స్పీడ్ మస్తుగొస్తది" అని 8.8.8.8 కొట్టేసి పోతారు. వాళ్ళకెవరో అలా చెప్పారు, సరే. కానీ ఏళ్ళ తరబడి ఇదే ఫీల్డులో ఉన్న మనవాళ్ళు కూడా నెట్ నెమ్మదిస్తే ఇదే మంత్రం చదువుతుంటే ఒళ్ళు మండదూ?

డీఎన్ఎస్ చేసేది పేరిస్తే అడ్రసు చెప్పడం, అంతే. ఆటోవాడికి మోండా మార్కెట్ ఎటో చెప్పినవాడు ఆటోని తోయడు కదా! జవాబు ఆలస్యమైతే పేజీ మొదలవడానికి నసుగుతుంది, అది నిజం. ఇంకో మెలిక ఏంటంటే, పెద్ద సైట్లు చాలావరకు మీ తరఫున అడిగిన డీఎన్ఎస్ సర్వరు ఎక్కడుందో చూసి దానికి దగ్గర్లోని అడ్రసు ఇస్తాయి. అది సింగపూర్లో కూర్చుని అడిగితే మీ వీడియో కూడా అక్కణ్ణుంచే రావచ్చు. గూగుల్ వాడు మీ ఐపీలో కొంత ముక్క కలిపి పంపి దీన్ని సర్దుతాడు. క్లౌడ్‌ఫ్లేర్ (1.1.1.1) వాడు ప్రైవసీ కోసమని పంపడు. కాబట్టి తార్నాకలో మీ ఫ్రెండుకి బాగున్నది అల్వాల్‌లో మీకు బాగుండాలని రూలేం లేదు. ఓసారి పింగ్ కొట్టి చూసుకోండి, పోయేదేముంది.

"మరి ఐఎస్‌పీ వాడిదే ఉంచుకుంటే?" అంటారా. మామూలుగా అన్నిటికంటే దగ్గరుండేది అదే. నాకు వాడి మీద నమ్మకం లేదు, అదీ నా గొడవ. మా పాత ఐఎస్‌పీ (పేరెందుకు లెండి) లేని సైటు పేరు కొడితే "లేదు" అనకుండా తన ప్రకటనల పేజీకి తోసేవాడు. ఇంట్లో వాళ్ళకి అది చిరాకు, అంతే. వీపీఎన్‌లో పనిచేసేవాడికి నరకం. ఆఫీసు సర్వరు పేరు దొరక్కపోతే వెంటనే ఎర్రర్ రావాలా, దాని బదులు ఎవడిదో ఐపీకి వెళ్ళి టైమౌట్ అవుతుంది. మనమేమో మన కోడ్‌లో బగ్గు వెతుక్కుంటూ కూర్చోవాలి. 2014 డిసెంబరులో టెలికాం శాఖ 32 సైట్లు ఆపమన్నప్పుడు ఆ జాబితాలో గిట్‌హబ్ గిస్ట్, పేస్ట్‌బిన్ కూడా ఉన్నాయి. ఏది ఆదేశంతో ఆగిందో, ఏది వాడి సర్వరు పడిపోయి ఆగిందో తేల్చుకోవాలన్నా పోల్చడానికి బయటి డీఎన్ఎస్ ఒకటి చేతిలో ఉండాలి.

అలాగని అమెరికా కంపెనీ చేతిలో పెట్టి నిద్రపొమ్మనట్లేదు. మీ ఇంట్లో ఏ సైట్లు చూస్తున్నారో ఆ పేర్లన్నీ అప్పుడు వాళ్ళకి తెలుస్తాయి. పైగా మామూలు డీఎన్ఎస్ పోస్టుకార్డు లాంటిది. 1.1.1.1 పెట్టినా మధ్యలో ఐఎస్‌పీ చదువుకోవచ్చు, తలుచుకుంటే జవాబు మార్చనూ వచ్చు. కవర్లో పెట్టి పంపాలంటే బ్రౌజర్లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్‌లో అయితే 2018లో వచ్చిన 9వ వెర్షన్ నుంచీ ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగే ఉంది. ఎంతమంది తెరిచి చూశారు చెప్పండి?

రెండో గడి సంగతి. అందరూ 1.1.1.1 కింద 1.0.0.1 రాస్తారు. రెండూ ఒకే కంపెనీవి! 2025 జులై 15 తెల్లవారుజామున, మన టైము ప్రకారం 3:22 నుంచి 4:24 దాకా, రెండూ కలిసే పడిపోయాయి. అమెరికా షిఫ్టు వాళ్ళకి బాగా గుర్తుండాలి :) అందుకే నేను ఒకటి క్లౌడ్‌ఫ్లేర్‌ది, ఇంకోటి క్వాడ్9 వాళ్ళది (9.9.9.9) పెడతాను. కానీ పిల్లల కోసం పెద్దల సైట్లు ఆపే 1.1.1.3 పెట్టేవాళ్ళు మాత్రం ఇలా కలపకండి. రెండోది కేవలం స్పేరు టైరు అనుకుంటాం గానీ చాలా రౌటర్లు దేన్ని పడితే దాన్ని అడుగుతాయి, ఆపాల్సింది కాస్తా రెండోదాంట్లోంచి వచ్చేస్తుంది. అక్కడ 1.1.1.3 కింద 1.0.0.3 రాయడమే దారి.

ఇవన్నీ రౌటర్లోనే మార్చుకుంటే టీవీతో సహా ఇల్లంతా ఒకేసారి మారుతుంది. "పాస్‌వర్డ్ ఇవ్వం, ఆ పెట్టె కంపెనీది" అని ఐఎస్‌పీ వాడు మొరాయిస్తే, దాని వెనకాల మీ సొంత రౌటరు ఒకటి పెట్టుకుని అందులో మార్చుకోండి. మా ఇంట్లో నేను చేసింది అదే.