మనీలా మైత్రి ఫలితము

బలవంతుని చెంగు పట్టుకొన్నవానికి భయము లేదని కొందరు రాజనీతిజ్ఞులు నేటికిని చెప్పుచున్నారు. ఉత్తర అట్లాంటిక్ కూటమిలో 2023లో ఫిన్లండును, 2024లో స్వీడనును చేరిన పిదప ఈ వాదము మరింత బలపడినది. భారతదేశమును సయితము ఏదో యొక కూటమిలో చేరుమని బోధించువారు కలరు. వారి మాటను మేము బొత్తుగా త్రోసివేయము. అయినను మైత్రిపత్రముపై చేవ్రాలు చేయువారు దానిని తుదివరకు చదువవలెను. ఇందులకు మన పొరుగువారి యనుభవమే చాలును.

1954 సెప్టెంబరు 8వ తేదీని మనీలా నగరమున పాకిస్థాను అమెరికా, బ్రిటను మున్నగు ఏడు రాజ్యములతో గూడి ఆగ్నేయాసియా రక్షణ ఒడంబడికకు సమ్మతించెను. పాకిస్థాను చూపు భారతదేశముపై నుండెను. అమెరికా చూపు కమ్యూనిజముపై నుండెను. ఈ భేదము రహస్యము కాదు. తాము పూనుకొనునది కమ్యూనిస్టుల దండయాత్ర కలిగినపుడు మాత్రమే యనియు, తక్కిన సందర్భములలో సంప్రతింపులు మాత్రము జరుపుదుమనియు అమెరికావారు ఆ పత్రముననే వ్రాసియుంచిరి.

1965లో యుద్ధము వచ్చెను. కూటమి కదలలేదు. పైగా అమెరికా ఉభయపక్షములకును ఆయుధముల నాపివేసెను. పాకిస్థాను టాంకులలోను విమానములలోను పెక్కులు అమెరికావే గనుక దెబ్బ యెవరికి గట్టిగా తగిలెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1971లో తూర్పు బంగాళము చేజారెను. బంగాళాఖాతమునకు వచ్చిన అమెరికా నౌకలు ఢాకా పతనమును ఆపలేదు. పాకిస్థాను కూటమిని విడిచెను. ఆ కూటమియు 1977 జూన్ 30న అంతరించెను.

మనము నవ్వుటకు వీలులేదు. ఏ పక్షమునను చేరమని పలికిన మన ప్రభుత్వమే 1962లో చీనా సేనలు దిగినపుడు అమెరికాను ఆయుధములు వేడెను. 1971 ఆగస్టు 9న సోవియట్ రాజ్యముతో ఇరువది యేండ్ల ఒడంబడిక చేసికొనెను. అందలి తొమ్మిదవ ప్రకరణము సయితము, దాడి వచ్చినచో వెంటనే సంప్రతించి తగిన చర్య గైకొందుమనునదే గాని సేనలను పంపుదుమనునది కాదు.

అట్లాంటిక్ పత్రములోని అయిదవ ప్రకరణము ఇంతకంటె గట్టిది: ఒకరిపై దాడి అందరిపై దాడిగా నెంచబడును. కాని ఏ చర్య యవసరమో నిర్ణయించుకొను స్వేచ్ఛ అచ్చటను ఎవరికి వారికే కలదు. 1949లో వ్రాయబడిన ఆ ప్రకరణము ప్రయోగింపబడినది ఒక్కసారియే, 2001లో; అదియు చిన్నరాజ్యము కొరకు గాక అమెరికా కొరకే యగుట వింత. ఆ కూటమికి బలమిచ్చునది అక్షరములకంటె ఏకసేనాధిపత్యమును, సభ్యుల నేలపై నిలిచియున్న పరరాజ్యసేనలును. మనీలా కూటమికి సొంత సేనయే లేకుండెను. రుష్యాతో 1300 కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు గల ఫిన్లండు మాత్రము, కూటమిలో చేరియు, తన యువకులకు నిర్బంధ సైనికశిక్షణమును మానలేదు.