సూదైనా, పసరైనా... ముందు రోగమేంటో తెలియొద్దూ?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో గొడ్డుకు జబ్బు చేసిందంటే ముందు తెలిసేది ఇంటి ఆడమనిషికే. మేత ముట్టలేదనీ, నెమరు వేయడం లేదనీ, పాలు విరిగినట్టు వస్తున్నాయనీ గుర్తుపట్టేది పాలు పితికే చెయ్యే. పెంపుడు కుక్క గిన్నె వాసన చూసి వెళ్ళిపోయినా అంతే. వాము కషాయమో, పసుపో, వేపాకో వైద్యం మొదలుపెట్టేదీ మనమే. ఆస్పత్రికి తోలుకుపోవాలా వద్దా అనే నిర్ణయం మాత్రం చాలా ఇళ్ళలో మగవాళ్ళది!

వానల్లేని ఏడు ఇక్కడి జనం సుగ్గికి గుంటూరు వైపు వలసపోతారు. అప్పుడు మేకా, ఎనుమూ ఇంటి దగ్గరుండే ముసలమ్మల పాలు. వాళ్ళకు తెలిసిన వైద్యం పెరట్లోదే.

పట్నాల్లో ఇప్పుడు కుక్కలకు చైనా సూదుల వైద్యం అంటుంటే కొందరు నవ్వుతున్నారు. నవ్వాల్సిన పనిలేదు. చైనాలో గుర్రాలకు సూదులు గుచ్చడం శతాబ్దాల నాటి విద్య. 1974లో అమెరికాలో పశువైద్యులు దీనికోసం ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టుకున్నారు. కీళ్ళనొప్పులున్న ముసలి కుక్కలకు మామూలు మందులతోపాటు ఈ సూదులూ వాడుతుంటారు. ఎంతవరకు పనిచేస్తుందన్నది ఇంకా తేలలేదు. కానీ అక్కడ సూది పట్టేది పశువైద్యం చదివినవాళ్ళు. ముందు రోగమేంటో తేల్చుకుని, తర్వాతే సూది గుచ్చుతారు.

మన దగ్గర వాతల సంగతేంటి? గొడ్డు కుంటినా వాతే, కడుపుబ్బినా వాతే! కాల్చిన ఇనుముతో పెట్టిన వాత పుండవుతుంది, ఈగలు వాలి పురుగు పడుతుంది. లోపలి జబ్బు లోపలే ఉంటుంది. కడుపుబ్బరం ముదిరితే గంటల్లో గొడ్డు పోతుంది. వాత మానేదాకా ఆగేంత టైము ఎక్కడిది?

అలాగని నాటువైద్యమంతా దండగని నేననను. తమిళనాడులో ప్రొఫెసర్ పుణ్యమూర్తి లాంటి పశువైద్యులు మన అవ్వల మందుల్నే కొలతలు కట్టి చూశారు. పొదుగు వాపుకు జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి చెప్పే మందు చూడండి: 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం. కలిపి రుబ్బి, పాలు పూర్తిగా పితికేసి, పొదుగు కడిగి, ఆ ముద్దను కొంచెం కొంచెంగా నీళ్ళలో పలుచన చేసి రోజుకు ఎనిమిది, పదిసార్లు రాయాలి. అలా అయిదు రోజులు. ఇది మన పెరటి వైద్యమే కదా! తేడా అల్లా కొలతలోనూ, ఏ రోగానికన్న తెలివిలోనూ ఉంది. జ్వరమొచ్చినా, పాలలో రక్తం పడినా డాక్టరును పిలవాల్సిందే.

మనుషులకు మంచిది కదా అని మూగజీవాలకు పెట్టేయడం ఇంకో ప్రమాదం. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసెటమాల్ మాత్ర వేస్తే ప్రాణమే పోవచ్చు. నులిపురుగులకని కుక్కకు వెల్లుల్లి పెడతారు. ఉల్లి అయినా, వెల్లుల్లి అయినా కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది కుక్కకాటుకు పసరు పోసి, కారం రాసి ఊరుకోవడం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా, పశువైనా దాదాపు దక్కనట్టే. కరిచిన చోట పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంట్లో కుక్కకు ఏటా టీకా వేయించాలి. ఇక్కడ మాత్రం ఏ పసరుకూ చోటులేదు.

పశువైద్య శిబిరాల్లో మాట్లాడేదీ, వినేదీ ఎక్కువగా మగవాళ్ళే. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎడ్ల బలం చూపిస్తారు, బాగానే ఉంది. పాలు పితికే ఆడవాళ్ళకు అక్కడే ఒక పందిరి వేసి ఈ కొలతలు, ఈ హెచ్చరికలు చెబితే ఎంత బాగుంటుంది! డ్వాక్రా సంఘాల సమావేశాల్లోనూ చెప్పొచ్చు. రాష్ట్రంలో పశువుల అంబులెన్సులు 2022లో మొదలయ్యాయి, వాటి నంబరు 1962. అది మగవాళ్ళ ఫోనులోనే కాదు, ఇంటి గోడమీదా ఉండాలి.

మూగజీవి నొప్పి ముందు మనకే కనబడుతుంది. దాన్ని బతికించే నిర్ణయం కూడా మన చేతికి రావాలి. ఏమంటారు?