పత్తి చేలో పరిణామం: పురుగు నేర్పుతున్న పాఠం వింటున్నామా?

పత్తి కాయ పైకి నున్నగా, నిండుగా కనిపిస్తుంది. చీల్చి చూస్తే లోపల గింజలు గుల్లయి, దూది రంగు మారి, మధ్యలో గులాబీ రంగు పురుగు ఉంటుంది. ఒకసారి కాయలోకి దూరాక పైనుంచి కొట్టిన మందు దానికి తగలదు. ఇలాంటి కాయతొలిచే పురుగులను మొక్కే చంపాలన్న ఆలోచనతో వచ్చిందే బీటీ పత్తి. 2002లో మన దేశంలో దానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి వేసే భూమిలో 90 శాతానికి పైగా బీటీయే. అయినా గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు గులాబీ రంగు పురుగు కోసం మళ్లీ మందు డబ్బాలు కొంటున్నారు.

విత్తనంలో పస పోయిందని కొందరు అంటారు. రైతు నిబంధనలు పాటించలేదని మరికొందరు అంటారు. విత్తనంలోని జన్యువు మారలేదు, మారింది పురుగు. మనం పరిణామాన్ని లెక్కలోకి తీసుకోకుండా వ్యవసాయ విధానం రాసుకున్నాం. దాని ఖరీదు రైతు కడుతున్నాడు.

బీటీ పత్తి ఎలా పనిచేస్తుందో చూద్దాం. నేలలో ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువు వల్ల పత్తి మొక్క క్రై1ఏసీ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పురుగు మొక్కను తిన్నప్పుడు ఈ ప్రోటీన్ దాని పేగు గోడలోని క్యాడ్‌హెరిన్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. పేగుకు చిల్లులు పడి పురుగు చస్తుంది. అయితే కోట్ల పురుగుల్లో ఏ ఒకటి రెండింటిలోనో పుట్టుకతోనే ఆ గ్రాహకం ఆకారం కాస్త తేడాగా ఉండవచ్చు. అప్పుడు విషం అతుక్కోదు. బీటీ ఆ పురుగులను పుట్టించలేదు. మిగతావాటిని చంపి, వాటికి చేనంతా ఖాళీ చేసి ఇచ్చింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే.

2008లో గుజరాత్‌లోని అమ్రేలిలో సేకరించిన గులాబీ రంగు పురుగుల్లో క్రై1ఏసీని తట్టుకునే శక్తి కనిపించింది. అప్పటికే, 2006లో, రెండు జన్యువులున్న పత్తి వచ్చేసింది. ఒకదాన్ని తట్టుకున్నా రెండోది చంపుతుందని ఆశ. 2015 నాటికి గుజరాత్‌లో రెండింటినీ తట్టుకునే పురుగులు బయటపడ్డాయి.

అదే పత్తిని తినే శనగపచ్చ పురుగు మాత్రం చాలావరకు ఇప్పటికీ బీటీకి లొంగుతోంది. ఒకే చేను, ఒకే విషం, రెండు వేర్వేరు ఫలితాలు. తేడా వాటి తిండిలో ఉంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటా కూడా తింటుంది. బీటీ లేని ఆ పంటల మీద బతికిన పురుగులు విషాన్ని ఎరగవు. చేలో మిగిలిన నిరోధక పురుగు అలాంటి వాటితో జతకడితే, పిల్లలకు నిరోధక జన్యువు ఒకవైపు నుంచే అందుతుంది. చాలా సందర్భాల్లో ఒక్క ప్రతి చాలదు కాబట్టి ఆ పిల్లలు బీటీ మొక్క మీద చచ్చిపోతాయి. గులాబీ రంగు పురుగుకు ప్రధాన ఆహారం పత్తే. చుట్టూ ఉన్నదంతా బీటీ పత్తే అయితే, బతికిన నిరోధక పురుగుకు జతగా దొరికేది మరో నిరోధక పురుగే.

శాస్త్రవేత్తలకు ఇది ముందే తెలుసు. అందుకే బీటీ చేను చుట్టూ ఐదు వరసలు లేదా 20 శాతం నాన్ బీటీ పత్తి వేయాలని నిబంధన పెట్టారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చారు. చాలామంది రైతులు వాటిని విత్తలేదు. రెండెకరాలున్న రైతును అందులో ఐదో వంతు పురుగులకు వదలమన్నాం. నష్టం అతని ఒక్కడిది, లాభం ఊరందరిది, అదీ ఎన్నేళ్ల తర్వాతో. పరిహారం లేదు. పక్క చేను రైతు పాటిస్తాడన్న భరోసా లేదు. అలాంటి నిబంధన కాగితం మీద మిగిలిపోతే తప్పు రైతుదని నేను అనను. నాన్ బీటీ గింజలను అదే ప్యాకెట్‌లో కలిపి ఇచ్చే పద్ధతి వచ్చేసరికి పురుగు ముందుకు వెళ్లిపోయింది.

విత్తన రకం కూడా పురుగుకే కలిసొచ్చింది. మన దగ్గర బీటీ ప్రధానంగా హైబ్రిడ్ల రూపంలో వచ్చింది. హైబ్రిడ్ మొక్క కాయలో కొన్ని గింజల్లో విషం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. గింజ నుంచి గింజకు మారే పురుగుకు పూర్తి మోతాదు అందక, అరకొర నిరోధకత ఉన్నవీ బతికే అవకాశం పెరుగుతుంది. పైగా దీర్ఘకాలిక హైబ్రిడ్లను జనవరి, ఫిబ్రవరి దాకా చేలో ఉంచితే పురుగుకు మరిన్ని తరాలు దొరుకుతాయి.

ఇది తప్పించుకోలేని కథ కాదు. అమెరికాలోని అరిజోనాలో రైతులు నాన్ బీటీ పంటను శ్రద్ధగా వేశారు. 2006 నుంచి వంధ్యీకరించిన రెక్కల పురుగులను విమానాల నుంచి వదిలారు. 2018లో ఆ దేశపు పత్తి ప్రాంతాలు గులాబీ రంగు పురుగు నుంచి విముక్తమయ్యాయని ప్రకటించారు. చైనాలోని యాంగ్జీ నదీ లోయలో, బీటీ, నాన్ బీటీ మొక్కల సంకరం నుంచి వచ్చిన రెండో తరం విత్తనాన్ని రైతులు విత్తారు. దానివల్ల చేలో దాదాపు నాలుగో వంతు మొక్కలు నాన్ బీటీ అయ్యాయి. పెరుగుతున్న నిరోధకత మళ్లీ తగ్గింది. రైతు విడిగా త్యాగం చేయాల్సిన పని లేకుండా విత్తనంలోనే ఆ ఏర్పాటు ఇమిడిపోయింది.

మనకు ఇది మొదటి హెచ్చరిక కూడా కాదు. 1980ల చివర్లో ఆంధ్ర పత్తి చేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులను తట్టుకోవడం మొదలుపెట్టింది. మందు పోయి విత్తనం వచ్చింది, పాఠం మాత్రం అదే. రేపు మూడో జన్యువు వచ్చినా, మరో కొత్త సాంకేతికత వచ్చినా, అనుమతి ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి. పురుగు దీన్ని ఎన్నేళ్లలో దాటగలదు? ఆలస్యం చేసే ఏర్పాటు విత్తనంలోనే ఉందా? నిరోధకతను ఏటా ఎవరు కొలుస్తారు, ఆ లెక్కలు రైతుకు ఎప్పుడు చేరతాయి?

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. తక్కువ కాలపు రకాలు వేయడం, డిసెంబరుకల్లా పంట ముగించడం, పత్తి కట్టెను చేలో నిలవ ఉంచకపోవడం, లింగాకర్షక బుట్టలతో పురుగు ఉధృతిని గమనించడం. ఒక్కరు చేస్తే ఫలితం తక్కువ, ఊరంతా కలిసి చేయాలి.

ఊరంతా కలవాలంటే ఎందుకో తెలియాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామ పాఠం లేకుండా పోయినప్పుడు, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావేత్తలు నిరసన తెలిపారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉంది కదా అన్నది దానికి వచ్చిన జవాబు. పదితో జీవశాస్త్రం వదిలేసే పిల్లల్లో రేపు పత్తి వేసేవాళ్లు, విత్తనాలు అమ్మేవాళ్లు, మందు దుకాణం నడిపేవాళ్లు ఉంటారు. పరిణామం అందరికంటే ముందు తెలియాల్సింది వాళ్లకే.