చదును పాదములు

మనుష్యుడు దినమునకు పదిమారులు తన ముఖమును అద్దములో చూచుకొనును గాని, నడక నేర్చినది మొదలు తన్ను మోయుచున్న పాదములను సంవత్సరమునకు ఒకమారైనను పరీక్షగా చూడడు. నొప్పి కలిగినప్పుడో, ఇతరులు వంక పెట్టినప్పుడో మాత్రమే వాటి జ్ఞాపకము వచ్చును. అట్టి వంకలలో తరచుగా వినవచ్చునది "చదును పాదములు" అను మాట. ఆటల పోటీలకు పిల్లలను ఏర్పరచు దినములలో, "అయ్యా, మా వాని అరికాలు పూర్తిగా నేలకు ఆనును, వానిని పరుగు పందెమునకు పిలువకుడు" అని చెప్పు తండ్రులు ప్రతి ఏడును మాకు కనబడుచుందురు. ఇంటి ఖర్చులు తగ్గించుకొని పిల్లలకు ప్రత్యేకపు బూట్లు చేయించు తల్లులును కలరు. తోడిపిల్లలు నవ్వుదురేమోయని మేజోళ్లు విప్పుటకు సిగ్గుపడు బాలికలును కలరు. ఈ భయములో నిజమెంతయో విచారించుట మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును ముందుగానే చెప్పెదము. నొప్పి లేక, మెత్తగా వంగుచున్న చదును పాదము రోగము కాదు. నొప్పియు బిగువును గల చదును పాదమును, పెద్దతనమున క్రొత్తగా క్రుంగిన పాదమును ఎన్నడును ఉపేక్షింపరాదు. ఈ రెంటికిని గల భేదము తెలియకపోవుట చేతనే మనము భయపడనక్కరలేని చోట భయపడి, భయపడవలసిన చోట ఊరకుందుము.

ఒక్కొక్క పాదములో 26 ఎముకలును, 33 కీళ్లును కలవు. ఇవి గుమ్మముపై కట్టిన కమానువలె అరికాలి లోపలి ప్రక్కను వంపుగా అమరియున్నవి. అయితే రాతి కమాను కదలదు. పాదపు కమాను అడుగు మోపినప్పుడు కొంచెము క్రుంగి, అడుగు లేపునప్పుడు మరల బిగియును. ఎముకలను కలిపి పట్టు బంధనములును, మడమ నుండి వ్రేళ్ల మొదళ్ల వరకు అరికాలి క్రింద పరచుకొన్న గట్టి పట్టీయును, పిక్క లోతునుండి లోపలి చీలమండ వెనుకగా దిగి పాదములో పాతుకొనిన ఒక స్నాయువును దీనిని నిలుపుచున్నవి. ఈ ఆధారములు వదులైనచో వంపు క్రుంగి అరికాలు నేలకు ఆనును.

పసిపిల్లల పాదములన్నియు చదునుగానే కనబడును. వారి అరికాలిలో క్రొవ్వు నిండియుండును. బంధనములు మిక్కిలి వదులుగా ఉండును. వయస్సుతోపాటు వంపు మెల్లమెల్లగా ఏర్పడి, ఆరు మొదలు పది ఏండ్ల వయస్సునకు చాలమందిలో స్పష్టమగును. కావున మూడేండ్ల బిడ్డ పాదమును చూచి దిగులుపడుట, మొలక వచ్చిన వారమునకే కాయలేదని చెట్టును నిందించుట వంటిది. కొందరికి పెద్దవారైన తరువాతను వంపు ఏర్పడదు. తల్లిదండ్రుల పోలికగా వచ్చిన అట్టి పాదములతో జీవితమంతయు సుఖముగా నడచువారు అనేకులు.

విద్యార్థులారా, ఈ పరీక్షను మీరే చేసికొనవచ్చును. పాదమును నీటిలో తడిపి పొడి గచ్చుపై మోపి తీయుడు. లోపలి ప్రక్కను ఖాళీ లేక అరికాలంతయు అచ్చుపడినచో అది చదును పాదము. అంతటితో ఆగక మునికాళ్లపై లేచి నిలువుడు. స్నేహితుని వెనుకనుండి చూడుమనుడు. అట్లు లేచినప్పుడు వంపు కనబడి, మడమ లోపలికి తిరిగినచో అది మెత్తని చదును పాదము. నొప్పి లేనియెడల దానికి చికిత్స అక్కరలేదు. ఎంత లేచినను వంపు కనబడనిచో, పాదము చెక్కవలె బిగిసియున్నచో వైద్యునికి చూపవలెను. లోపలి ఎముకలు రెండు అతుకుకొనియుండుట దీనికి ఒక కారణము. దాని నొప్పి తరచుగా ఎనిమిది మొదలు పదునారేండ్ల లోపల బయలుపడును.

ఇక ప్రత్యేకపు బూట్ల సంగతి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున వైద్యులు మెత్తని చదును పాదములు గల పసిపిల్లలను వేరువేరు గుంపులుగా చేసి, కొందరికి ప్రత్యేకపు బూట్లును, కొందరికి బూట్లలో పెట్టు మెత్తలును ఇచ్చి, కొందరికి ఏమియు ఇయ్యక మూడేండ్లకు పైగా పరిశీలించి, ఆ ఫలితములను 1989లో ప్రకటించిరి. అన్ని గుంపులలోను పాదములు ఇంచుమించు సమానముగానే బాగుపడెను. బాగుచేసినది బూటు కాదు, వయస్సు. నొప్పి లేని పిల్లవానికి వంపు కలిగించుటకై బూట్లు కొనుటకంటె ఆ సొమ్ముతో పాలు, గ్రుడ్లు కొనుట మేలని మా యభిప్రాయము.

మన పొరుగున మంగుళూరు ప్రాంతమున జరిగిన పరిశోధన మరియొకటి కలదు. నాలుగు మొదలు పదుమూడేండ్ల వయస్సు గల 2300 మంది పిల్లల పాదముల అచ్చులను తీసి, రావు, జోసెఫ్ అను వైద్యులు 1992లో ఫలితములు ప్రకటించిరి. పాదరక్షలు తొడుగు పిల్లలలో నూటికి 8.6 వంతున చదును పాదములు కనబడగా, ఉత్త కాళ్లతో తిరుగు పిల్లలలో నూటికి 2.8 మాత్రమే కనబడెను. వ్రేళ్లను మూసివేయు బూట్లు తొడుగువారిలో ఎక్కువగాను, చెప్పులు తొడుగువారిలో అంతకంటె తక్కువగాను ఉండెను. ఇట్టి లెక్క ఒక్కటియే కారణమును నిశ్చయింపజాలదు. అయినను చిన్నతనమున పాదమును స్వేచ్ఛగా కదలనిచ్చుట మేలను సలహాకు ఇది బలమైన ఆధారము.

కావున పాఠశాల పెద్దలకు మా మనవి యిది. క్రింది తరగతుల పిల్లలు ఉదయము మొదలు సాయంకాలము వరకు బిగువైన నల్లబూట్లలో కాళ్లు బంధించుకొని యుండుట అవసరమా? వారికి వ్రేళ్లు కనబడు చెప్పులను అనుమతింపవచ్చును. వ్యాయామపు గంటలో ముండ్లును గాజుపెంకులును ఏరివేసిన శుభ్రమైన ఆటస్థలమున బూట్లు విప్పి ఆడనీయవచ్చును. మురికినేలపై ఉత్త కాళ్లతో తిరిగిన కొంకిపురుగులు చర్మముగుండ దేహములో ప్రవేశించును. కావున మరుగుదొడ్లకును వీధికిని చెప్పులు తప్పక ఉండవలెను. దుస్తులలో క్రమశిక్షణ అక్కరలేదని మేము అనుట లేదు. పెరుగుచున్న పాదమునకు తగినట్లు ఆ నియమమును సవరింపుడని మాత్రమే వేడుచున్నాము.

చదును పాదము గలవానికి సైన్యములో చోటు లేదను మాట మన గ్రామములలో గట్టిగా నాటుకొనియున్నది. ఇది సగము నిజము. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపు వైద్య నియమములలో, మునికాళ్లపై నిలిచినప్పుడు వంపు మరల కనబడి, వ్రేళ్లపై చక్కగా పరుగెత్తగలిగి, పాదము మెత్తగా నొప్పి లేక యున్న అభ్యర్థిని అంగీకరింపవచ్చునని చెప్పబడినది. బిగిసిన పాదము గలవానినే త్రోసివేయుదురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కెనడా సైనికులు 3,600 మంది పాదములను పరీక్షించిన హారిస్, బీత్ అనువారు 1947లో వెల్లడించినదియు ఇట్టిదే. వంపు తక్కువైనంత మాత్రమున సైనికునికి బాధ లేదు. మడమ వెనుక స్నాయువు పొట్టిగా బిగిసియున్నవారికే బాధ ఎక్కువ.

కావున నడచినప్పుడు పాదము నొప్పిపెట్టువారు మొదట పిక్కలను సాగదీయవలెను. గోడకు అరచేతులు ఆనించి, ఒక కాలిని వెనుకకు చాచి, మోకాలు వంచక, మడమ లేపక, ముప్పది సెకనులు ముందునకు వ్రాలవలెను, ఇట్లు మూడుమారులు. పిమ్మట మునికాళ్లపై లేచి మెల్లగా దిగుట పదిమారులు. నేలపై తువ్వాలు పరచి కాలివ్రేళ్లతో దగ్గరకు లాగుట మరియొకటి. ఇవి క్రొత్త వంపును పుట్టింపవు గాని, కండరములకు బలమిచ్చి నొప్పిని తగ్గించును. పాదరక్షకు మడమ భాగము గట్టిగాను, వ్రేళ్ల భాగము వెడల్పుగాను ఉండవలెను. నొప్పి యున్నవారికి లోపల పెట్టు మెత్తలు ఉపశమనమిచ్చును. అంగడిలో దొరకు సామాన్యమైనవి మొదట వాడి చూచుట చాలును.

పెద్దలకు ఒక హెచ్చరిక. నలువది ఏండ్లు దాటిన తరువాత, ముఖ్యముగా స్త్రీలలోను, దేహము బరువెక్కినవారిలోను, మధుమేహము, రక్తపుపోటు గలవారిలోను, వంపును మోయు స్నాయువు అరిగి పాదము క్రుంగవచ్చును. లోపలి చీలమండ వెనుక వాపు, నొప్పి. మడమ వెలుపలికి ఒరుగుట. ఒంటికాలి మునివ్రేళ్లపై లేవలేకపోవుట దీని గుర్తులు. దినమంతయు నల్లబల్లయొద్ద నిలుచు మావంటి ఉపాధ్యాయులును, పొయ్యి దగ్గర నిలుచు తల్లులును దీనిని "వయస్సు నొప్పులు" అని త్రోసివేయుచుందురు. తొలినాళ్లలోనే వైద్యునికి చూపినచో విశ్రాంతి, ఊతపట్టీ, వ్యాయామములతో కుదురవచ్చును. ఆలస్యమైనచో శస్త్రచికిత్స వరకు పోవచ్చును. మధుమేహము గలవారి పాదము ఒకటి ఎఱ్ఱబడి, వెచ్చనై, వాచినచో, నొప్పి లేకున్నను ఆనాడే ఆసుపత్రికి పోవలెను; లోపల ఎముకలు విరుగుచుండవచ్చును. వారు ఇంటిలోనైనను ఉత్త కాళ్లతో నడువరాదు.

తండ్రులారా, తల్లులారా, మీ బిడ్డను మునికాళ్లపై నిలువుమనుడు. వంపు కనబడి, నొప్పి లేదని వాడు చెప్పినచో, ఈ యేటి పరుగు పందెమునకు వాని పేరు వ్రాయించుడు. పిదప మీ యింటి పెద్దవారి పాదములను కూడ ఒకమారు చూడుడు. వారు నొప్పిని గూర్చి తమంతట తాము చెప్పరు.