సంపాదకుని మాట: మల్లన్న మెట్ల దారి

ఈ సంచిక కాలిబాటల మీద అనుకోగానే నాకు ముందు గుర్తొచ్చింది నల్లమలే. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరతాం. ఘాట్ రోడ్లు లేని రోజుల్లో మల్లన్న దగ్గరికి నడిచి వెళ్లిన దారుల్లో ఇదొకటి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు.

భీముని కొలను దగ్గర దారి నిలువునా లోయలోకి దిగుతుంది. దిగినంతా మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు మోకాళ్లు, ఎక్కేటప్పుడు ఊపిరి. అక్కడే మాటలు ఆగిపోయి చేతికర్ర చప్పుడొక్కటే మిగులుతుంది.

ఉగాదికి వచ్చే కన్నడ భక్తులకు మాత్రం ఇది పుట్టింటివాళ్ల ప్రయాణం. మల్లన్న దేవేరి భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు కదా, చీరె సారె మోసుకొస్తారు. కొందరైతే కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని మరీ నడుస్తారు! మామూలు బూట్లతో ఆయాసపడే నాలాంటివాళ్లు పక్కకు జరిగి దారివ్వడమే.

ఈ అడవి పులుల అభయారణ్యం. శివరాత్రి, ఉగాది యాత్రల వేళ తప్ప అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. తాగేసిన నీళ్ల సీసా మీ సంచిలోనే వెనక్కి రావాలి. చెంచుగూడేల ముంగిట మన చెత్త పోగుపడటం నాకు నచ్చదు.