స్మార్ట్‌ఫోన్ ఎంపిక: పెట్టెపై లేని లెక్కలు

తిరుపతి: గాంధీరోడ్డులోని సెల్‌ఫోన్ దుకాణంలో అడుగుపెట్టిన వారికి మొదట ఎదురయ్యేవి అంకెలే. కెమెరాకు ఇన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఇన్ని జీబీలు, బ్యాటరీకి ఇన్ని ఎంఏహెచ్‌లు అంటూ పెట్టెలపై ప్రకటనలు కనిపిస్తాయి. కొనుగోలుదారుడు వాటిని శ్రద్ధగా చదువుతాడు, రెండు మూడు నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాడు. తీరా డబ్బు చెల్లించే వేళకు మాత్రం ‘మా బావమరిది ఇదే వాడుతున్నాడు, మూడేళ్లయినా చెడిపోలేదు’ అన్న మాటే గెలుస్తుంది. దీన్ని అమాయకత్వమని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. ఫోను ఎంతకాలం పనిచేస్తుందన్న కీలకమైన సమాచారం పెట్టెపై లేనప్పుడు సామాన్యుడికి దొరికే సాక్ష్యం అదొక్కటే.

ఈ ప్రాంతం ఫోన్లను కొనుక్కోవడమే కాదు, తయారుచేసింది కూడా. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సమక్షంలో షావోమి సంస్థ ‘రెడ్‌మీ 2 ప్రైమ్’ను విడుదల చేసింది. భారత్‌లో తయారైన ఆ సంస్థ తొలి ఫోను అదే. ధర రూ.6,999. దాన్ని కూర్చింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. అప్పట్లో చిత్తూరు జిల్లాలో భాగమైన శ్రీసిటీ 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. 2017లో అక్కడే రెండో కర్మాగారాన్నీ ప్రకటించారు. రెండింటిలోనూ కలిపి ఐదు వేల మందికి పైగా పనిచేస్తున్నారని, వారిలో తొంభై శాతానికి మించి మహిళలేనని సంస్థ అప్పట్లో తెలిపింది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లల చేతుల మీదుగా వెళ్లిన ఫోన్లతోనే షావోమి 2017 చివరి త్రైమాసికంలో శామ్‌సంగ్‌ను దాటి దేశంలో మొదటి స్థానానికి చేరింది.

అంతకు ముందటి చరిత్ర చూస్తే ఇక్కడి ఇష్టాయిష్టాల మూలాలు తెలుస్తాయి. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. పల్లెల్లో దాన్ని కొన్నది కేవలం మాట్లాడుకోవడానికి కాదు, అందులో టార్చిలైటు ఉన్నందుకు. బోరుబావుల మీద ఆధారపడిన ఈ జిల్లాలో వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది, ఒక విడత రాత్రిపూట. మోటారు వేయడానికి అర్ధరాత్రి గట్ల మీద నడిచే రైతుకు పాము కనిపించాలి. చేతిలో వెలుగు, దుమ్ము చొరబడని మీటలు, ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి నిలిచే బ్యాటరీ... ఇవీ అతను చూసుకున్న ‘ఫీచర్లు’.

తరువాతి దశలో రెండు సిమ్‌లు వచ్చాయి. సత్యవేడు వాసికి చెన్నై, నగరి వాసికి తిరుత్తణి, కుప్పం వాసికి కృష్ణగిరి, కోలారు ఇరుగుపొరుగు ఊళ్లే. కానీ హద్దు దాటితే రోమింగు. వచ్చిన కాల్‌కూ డబ్బులు కట్టాలి. అటొక సిమ్, ఇటొక సిమ్ పెట్టుకునే వీలు ఇచ్చిన ఫోనే సరిహద్దు వాసికి మేలైన ఫోను అయింది. రెండు సిమ్‌ల విషయంలో నోకియా ఆలస్యం చేసింది. ఆ ఖాళీలోకే దేశీయ కంపెనీలు చొచ్చుకువచ్చాయి.

వాటిలో హైదరాబాద్‌కు చెందిన సెల్‌కాన్ ఒకటి. 2017లో రేణిగుంట వద్ద ఆ సంస్థ కర్మాగారం ప్రారంభమైంది. మన రాష్ట్రంలో, మన వాళ్లు చేసే ఫోను అన్న అభిమానం కొనుగోళ్లలో ప్రతిఫలిస్తుందని ఆశించారు. అప్పటికే ఆలస్యమైంది. 2016 సెప్టెంబరులో జియో 4జీ రాకతో జనం చేతుల్లోని 3జీ ఫోన్లు ఒక్కసారిగా పాతబడ్డాయి. కొత్త ఫోను కొనేవారు అదే ధరకు ఎక్కువ హంగులిచ్చే చైనా బ్రాండ్ల వైపు మొగ్గారు. వాటిలో కొన్ని శ్రీసిటీలోనే తయారయ్యాయి కనుక ‘మన ఊరి ఫోను’ ఏదన్న ప్రశ్నకు జవాబు కూడా చిక్కుపడింది. పెట్టెపై పేరు చైనాది, కూర్చిన చేతులు వరదయ్యపాళెం, సత్యవేడు వైపువి.

ఇప్పటి ఎంపికల్లోనూ వృత్తే ముందు మాట్లాడుతుంది. మదనపల్లె టమోటా రైతుకు కాయ రంగు ఉన్నది ఉన్నట్టు చూపే కెమెరా కావాలి. ముఖాన్ని నునుపుచేసి చూపే కెమెరాతో అతనికి పనిలేదు. ఎండలో తెర కనిపించాలి, మండీ సందడిలో మాట వినిపించాలి. కుప్పం వ్యాపారికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే కీబోర్డులో దొరకాలి. భారతీయ భాషల లిపులన్నీ తెరపై చదవగలిగేలా ఉండాలని కేంద్రం 2016లో ఆదేశించాక ఈ బాధ చాలావరకు తీరింది. ఇక రూ.300 దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే ఉదయం వేగంగా బుక్ చేయడానికని ఖరీదైన ఫోను కొనేవారూ ఉన్నారు. అక్కడ అడ్డుపడేది క్యూలోని రద్దీ, నెట్‌వర్కు, ప్రాసెసర్ కాదు. అయినా శ్రీవారి సన్నిధికి వెళ్లే ముందు లక్ష రూపాయల ఫోనునైనా, రెండు వేల ఫోనునైనా డిపాజిట్ కౌంటరులో వదలాల్సిందే.

యువతది మరో తీరు. కొత్త ఆండ్రాయిడ్ కంటే పాత ఐఫోన్ మేలన్న భావన కళాశాలల్లో బలంగా ఉంది. హోదా కోసం చేసే ఖర్చును తప్పుపట్టాల్సిన పనిలేదు గానీ, అందులో దాగిన ప్రమాదం వేరు. 2025 మే 5 నుంచి ఐఓఎస్ 15.1 కంటే పాత వ్యవస్థ ఉన్న ఐఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఐఫోన్ 6 అలా పక్కన పడింది. గాజు పగల్లేదు, బ్యాటరీ ఉబ్బలేదు. ఫోను మాత్రం సగం చచ్చింది.

ఆండ్రాయిడ్‌లోనూ ఇదే జరిగింది. శ్రీసిటీ నుంచి వచ్చిన ఆ తొలి రెడ్‌మీ ఆండ్రాయిడ్ 4.4తో విడుదలైంది. ఆ వెర్షన్‌పై వాట్సాప్ 2025 జనవరి 1 నుంచి నిలిచిపోయింది. అదే నెల 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగనక్కర్లేదన్న ఏర్పాటు మంచిదే. కానీ పాత ఫోనుతో నెట్టుకొస్తున్న ఇంటికి ఆ తలుపు తెరుచుకున్న నెలలోనే మూసుకుపోయింది. అలాంటి ఇళ్లలో ఎక్కువ భాగం ఆ సేవలు అవసరమైనవే.

ఉపాధి హామీ పనుల్లోనూ ఈ ఇబ్బంది ఎదురైంది. 2023 జనవరి 1 నుంచి పని స్థలంలో కూలీల హాజరును రోజుకు రెండుసార్లు ఫొటోలతో యాప్‌లో నమోదు చేయడం తప్పనిసరైంది. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలీ లేదు. అక్కడ ఒకరి చేతిలోని ఫోను నాణ్యత మిగిలిన వారందరి వేతనానికి సంబంధించిన విషయం అయింది. ఇంతటి అవసరవస్తువుపై జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెంచడం వేరే ముచ్చట.

కాబట్టి పోల్చవలసింది మెగాపిక్సెళ్లను కాదు, ఆయుష్షును. ఖరీదైన ఫోన్లలో ఈ పోటీ మొదలైంది. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన శామ్‌సంగ్ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు హామీ ఇచ్చారు. పది వేల లోపు ఫోన్ల విషయంలో అంత ఉదారత లేదు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి దీన్ని చట్టంగా మార్చింది: ఒక నమూనా అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందాలి, బ్యాటరీ మన్నికను, మరమ్మతుకు ఎంత అనువో తెలిపే శ్రేణిని లేబుల్‌పై ముద్రించాలి. మన దేశంలోనూ మరమ్మతు సూచికపై వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది.

ఈలోగా కొనేవారు చేసుకోగల పరీక్ష ఒకటుంది. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడాలి. ఇంటర్నెట్‌కు కలిపి అప్‌డేట్ చేశాక కూడా ఆ తేదీ ఏడాది వెనక ఉంటే, ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ ఫోనును దుకాణదారుకే వదిలి రావచ్చు. సర్వీసు కేంద్రం చిత్తూరులోనే ఉందా, చెన్నై దాకా వెళ్లాలా అన్నది కూడా బిల్లు వేయించక ముందే అడగాలి.